టాకీ తొలినాళ్లు – 7: గడప మీద ఆగిన భయం

1931 ఫిబ్రవరి 12న న్యూయార్క్‌లోని రాక్సీ థియేటర్‌లో యూనివర్సల్ సంస్థ వారి ‘డ్రాక్యులా’ విడుదలైంది. దాని నిడివి 75 నిమిషాలు. సరిగ్గా 30 రోజులకు, మార్చి 14న, బొంబాయి మెజెస్టిక్ సినిమాలో మన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ తెరకెక్కింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 6న అదే బొంబాయిలో, కృష్ణా సినిమాలో, తొలి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది. డ్రాక్యులా వచ్చి అప్పటికి ఏడాది నిండడానికి ఇంకా ఆరు రోజులున్నాయి. ఒకటి నెత్తురు తాగే పిశాచి కథ, మరొకటి స్తంభం చీల్చుకుని వచ్చిన నరసింహుడి కథ. చూడబోతే ఒకదానికొకటి పొంతన లేనివి. అయినా రెండింటి పుట్టిల్లూ నాటకశాలే. ‘భక్త ప్రహ్లాద’కు ఆధారమైన నాటకం రాసినవారు బళ్లారి వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు. అందువల్ల తొంభై ఏళ్లు దాటిన డ్రాక్యులాను ఇవాళ మళ్లీ చూడడానికి బళ్లారి నాటకరంగం చక్కని చోటు. ఆ సినిమాలో నేటి ప్రేక్షకుడికి విసుగు పుట్టించే నిదానం, ఆగి ఆగి పలికే మాట, చావును తెర వెనక జరిపించే పద్ధతి, అన్నీ నాటకశాల నుంచి వచ్చినవే. ఆ సినిమా బలం కూడా అక్కడే ఉంది.

ముందు కథ ఎలా నడిచి వచ్చిందో చూడాలి. ఐర్లండ్ వాడైన బ్రామ్ స్టోకర్ ఈ నవలను 1897లో అచ్చు వేయించాడు. ఆయన బతుకుతెరువు నాటకశాలే. లండన్‌లోని లైసియం థియేటర్‌కు, అక్కడి మహానటుడు హెన్రీ ఇర్వింగ్‌కు ఏళ్ల తరబడి మేనేజరుగా పనిచేశాడు. 1922లో జర్మనీలో మూర్నో అనుమతి తీసుకోకుండానే ఈ కథను ‘నొస్ఫెరాటు’ పేరుతో మూకీగా తీశాడు. స్టోకర్ భార్య కోర్టుకెక్కింది. 1925లో ఆ సినిమా ప్రతులన్నీ నాశనం చెయ్యాలని తీర్పు వచ్చింది. కొన్ని ప్రతులు ఎలాగో తప్పించుకోబట్టి ఆ సినిమా ఈనాటికి మిగిలింది. అనుమతితో నాటకంగా మలచినవాడు హామిల్టన్ డీన్. 1924లో డెర్బీ పట్టణంలో మొదలైన ఆ నాటకం 1927 ఫిబ్రవరిలో లండన్ చేరింది.

డ్రాక్యులా అనగానే అందరి కళ్లకూ కట్టే, మెడ వెనక కాలరు నిక్కబొడుచుకున్న నల్లటి పైవస్త్రం నవలలోది కాదు. అది నాటకం వాళ్ల అవసరంలోంచి పుట్టింది. డ్రాక్యులా పాత్రధారి ప్రేక్షకులకు వీపు పెట్టి నిలబడేవాడు. లేచి ఉన్న కాలరు అతని తలను కప్పేసేది. చుట్టూ ఉన్నవాళ్లు అతన్ని పట్టుకోబోయేసరికి అతను వేదికలోని రహస్యపు తలుపు గుండా కిందికి జారిపోయేవాడు. వాళ్ల చేతుల్లో ఖాళీ గుడ్డ మిగిలేది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన సురభి నాటక సమాజాల ఆట చూసినవారికి ఈ విద్య కొత్త కాదు. స్తంభం పగలడం, మనిషి మాయమవడం వారికీ వెన్నతో పెట్టిన విద్యలే. ప్రపంచమంతా గుర్తుపట్టే ఒక రూపం ఇలాంటి చిన్న రంగస్థల ఉపాయంలోంచి పుట్టిందన్న సంగతి సినిమా చరిత్రల్లో రావలసినంత ముందుకు రాలేదు.

1927 అక్టోబరులో ఆ నాటకం అమెరికా చేరింది. జాన్ బాల్డర్‌స్టన్ దాన్ని తిరగరాశాడు. ప్రధాన పాత్ర బేలా లుగోసీకి దక్కింది. ఆయన 1882లో అప్పటి హంగరీ రాజ్యంలోని లుగోష్ పట్టణంలో పుట్టాడు. ఆ ఊరు ఇవాళ రుమేనియాలో ఉంది. పుట్టిన ఊరు ఉన్నచోటే ఉండగా సరిహద్దు దాని మీదుగా జరిగిపోవడం బళ్లారి ప్రాంతం వారికి విడమరిచి చెప్పనక్కరలేని అనుభవం. మద్రాసు రాష్ట్రంలోని బళ్లారి జిల్లా 1953 అక్టోబరు 1న రెండుగా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు కొత్త ఆంధ్ర రాష్ట్రానికి వచ్చాయి. బళ్లారి పట్టణం, హొస్పేట, సిరుగుప్ప తదితరాలు మైసూరుకు వెళ్లాయి. బళ్లారి నాటకరంగం నిలబడింది తెలుగు, కన్నడ భాషలు రెండింటి మీదా.

ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) బళ్లారిలో వకీలు పని చేస్తూ సరస వినోదిని సభను నడిపారు. ఆంధ్ర నాటక పితామహుడని ఆయనకు పేరు. నాటకంలో పద్యాన్ని రాగం కట్టి పాడించే పద్ధతి నిలదొక్కుకోవడంలో ఆయన పాత్ర పెద్దది. అదే ఊళ్లో అదే వృత్తిలో ఉన్న కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభను నడుపుతూ చారిత్రక నాటకాలు రాశారు. 1891లో ధర్మవరం వారి బృందం మద్రాసు వెళ్లి ఆడింది. ఆ ప్రదర్శన చూసి ఉత్తేజం పొందిన పమ్మల్ సంబంధ మొదలియార్ అదే ఏడాది సుగుణ విలాస సభను స్థాపించాడు. తమిళ ఔత్సాహిక నాటకరంగానికి అదే పునాది. అంటే తుంగభద్ర ఒడ్డు మాగాణికీ నల్లరేగడికీ నడుమ ఉన్న ఈ ఊరు తెలుగు, కన్నడ, తమిళ రంగస్థలాలు మూడింటికీ ఏదో ఒకటి అందించింది. టాకీ వచ్చేనాటికి దక్షిణాదిన కథలూ నటులూ సిద్ధంగా ఉన్నారంటే, అందుకు కారణమైన కొద్ది ఊళ్లలో బళ్లారిని ముందు వరసలో చెప్పుకోవాలి.

ధర్మవరం వారి పనుల్లో భయానికి సంబంధించినది ‘విషాద సారంగధర’. సవతి తల్లి చిత్రాంగి వేసిన నిందకు సారంగధరుడి కాళ్లూ చేతులూ నరికించిన కథ అది. సంస్కృత నాటక సంప్రదాయం చావునూ యుద్ధాన్నీ ప్రేక్షకుల కళ్లెదుట చూపవద్దని చెప్పింది. అలాంటి ఘట్టాలను మరో పాత్ర నోట చెప్పించాలి, లేదా తెర వెనక జరిపించాలి. నాట్యశాస్త్రం భయానకాన్నీ బీభత్సాన్నీ రసాలుగా ఒప్పుకుంటూనే, చంపడాన్ని మాత్రం వేదిక మీదికి రానివ్వలేదు. కథ మంగళంగా ముగియాలన్న ఆచారం కూడా గట్టిదే. ధర్మవరం ఆ రెండో ఆచారాన్ని దాటి, తెలుగులో తొలి విషాదాంత నాటకాన్ని నిలబెట్టారు.

ఈ సంప్రదాయం తెలిసినవారు డ్రాక్యులాను చూస్తే ముందుగా కళ్లబడేది చూపించకుండా వదిలిన వాటి జాబితా. రక్తపిశాచి సినిమాగా పేరుబడ్డ ఈ చిత్రంలో కోరలు ఒక్కసారి కూడా కనబడవు. మెడ మీద పంటి గాట్లను గురించి పాత్రలు మాట్లాడుకుంటాయి, కెమెరా మాత్రం వాటిని చూపదు. డ్రాక్యులా వంగుతాడు, పైవస్త్రం కప్పుకుంటుంది, దృశ్యం మారిపోతుంది. చివరికి అతని చావు కూడా కనబడదు. తెల్లవారుతుండగా పాడుబడ్డ మఠం నేలమాళిగలో, శవపేటిక పక్కన, ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్ కొయ్యమేకు దిగ్గొడతాడు. తెర మీద ఉన్నది మాత్రం వేరేచోట నిలబడి ఉన్న కథానాయిక మీనా. మూలుగు వినబడుతుంది, ఆమె గుండె పట్టుకుంటుంది. అంతటితో సరి. మూకీలో ఈ ఘట్టాన్ని ఇలా తీయడం సాధ్యం కాదు. చూపకుండా వినిపించగలిగే సదుపాయం శబ్దం ఇచ్చింది. నాటకంలో నేపథ్యం నుంచి వచ్చే కేక ఏ పని చేస్తుందో, ఆ పనిని టాకీ తన మొదటి రోజుల్లోనే నేర్చుకుంది.

తెర మీద కనబడే భయం దాదాపు అంతా లుగోసీ కళ్లలో ఉంది. ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ జర్మనీలో ‘మెట్రోపోలిస్’కు పనిచేసి వచ్చినవాడు. సన్నటి వెలుగు కిరణాలను నేరుగా లుగోసీ కళ్ల మీద పడేట్టు చేసి, మిగిలిన ముఖాన్ని నీడలో ఉంచాడు. దర్శకుడు టాడ్ బ్రౌనింగ్ మూకీల్లో లాన్ చేనీతో ఎన్నో సినిమాలు తీసి పేరు తెచ్చుకున్నవాడు. చేనీ 1930 ఆగస్టులో కన్నుమూశాడు. చేనీ లేకపోయినా, బ్రాడ్వేలో 261 ప్రదర్శనలు ఆడిన లుగోసీకి కూడా సినిమాలో ఆ పాత్ర సులువుగా దక్కలేదు. ఏడు వారాల పనికి మొత్తం 3,500 డాలర్లకు ఒప్పుకున్నాక గానీ అవకాశం ఇవ్వలేదు. ఆ ఏడాది యూనివర్సల్‌కు పెద్ద లాభం తెచ్చిన సినిమాకు ప్రాణం పోసిన మనిషికి దక్కింది అంతే. అది అన్యాయమని చెప్పడానికి వెనకాడనక్కరలేదు.

లుగోసీకి ఇంగ్లిష్ పరాయి భాష. మాటకూ మాటకూ మధ్య విరామం, అచ్చులను సాగదీసి పలకడం, ఊహించనిచోట పడే ఊనిక, ఇవన్నీ హంగేరియన్ నాలుక మీద నుంచి వచ్చినవే. వేరొకరి విషయంలో లోపమనిపించే ఆ పలుకు ఈ పాత్రకు అలంకారమైంది. వందల ఏళ్ల నాటి మనిషి, పరాయి దేశం మాట అరువు తెచ్చుకుని మాట్లాడుతున్నాడంటే నమ్మించే గొంతు అది. పైగా ఈ సినిమాలో నేపథ్య సంగీతం లేదు. పేర్లు పడేటప్పుడు చైకోవ్‌స్కీ ‘స్వాన్ లేక్’ కొద్దిగా వినిపిస్తుంది. సంగీత సభలో కూర్చున్న ఘట్టంలో వాగ్నర్, షూబర్ట్ రచనలు వాద్యబృందం వాయిస్తున్నట్టుగా వినిపిస్తాయి. మిగతాదంతా నిశ్శబ్దం. కనబడని వాద్యాల మోత ఎక్కడి నుంచి వస్తోందని ప్రేక్షకులు తికమకపడతారని అప్పటి నిర్మాతల అనుమానం. ఆ అనుమానం పోవడానికి 1933లో ‘కింగ్ కాంగ్’ దాకా ఆగవలసి వచ్చింది. కోట మెట్ల మీద దీపం పట్టుకుని డ్రాక్యులా దిగివస్తుంటే చుట్టూ పరుచుకునే ఆ నిశ్శబ్దాన్ని తర్వాత వచ్చిన రంగుల పిశాచి సినిమాలేవీ అందుకోలేదు. డెన్మార్క్ దర్శకుడు కార్ల్ డ్రయర్ ‘వాంపైర్’ (1932) ఒక్కటే భయపు వాతావరణంలో దానితో సరితూగుతుంది.

అవే రోజుల్లో మన టాకీ నడిచిన దారి పూర్తిగా వేరు. ‘ఆలం ఆరా’లో ఏడు పాటలున్నాయి. ‘భక్త ప్రహ్లాద’ పాటలూ పద్యాలతో నిండిన నాటకం నుంచి వచ్చింది. హెచ్.ఎం. రెడ్డి దర్శకుడు, అర్దెషిర్ ఇరానీ ఇంపీరియల్ సంస్థ నిర్మాత. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు, సురభి కమలాబాయి లీలావతి, సింధూరి కృష్ణారావు ప్రహ్లాదుడు. సాహిత్యం చందాల కేశవదాసుది. అమెరికా టాకీకి నాటకరంగం మౌనాన్ని ఇస్తే, తెలుగు టాకీకి అదే నాటకరంగం రాగాన్ని ఇచ్చింది.

ఆ రాగం మితిమీరిపోతోందని గట్టిగా అన్న మనిషి కూడా బళ్లారి వాడే కావడం విశేషం. తాడిపత్రి రాఘవాచార్యులు, అంటే బళ్లారి రాఘవ (1880–1946), ధర్మవరం వారికి మేనల్లుడు. ఆయనా వకీలే. తెలుగు, కన్నడ, ఇంగ్లిష్ భాషల్లో నటించారు. పద్యం మధ్యలో హార్మోనియం వాడితో పోటీపడి ఆలాపనలు తీయడం, జనం వన్స్‌మోర్ అనగానే సన్నివేశాన్ని ఆపి మళ్లీ అందుకోవడం పాత్రను చంపేస్తాయని ఆయన బాధ. భావం ముఖంలో, చూపులో, మాట విరుపులో పలకాలన్నారు. ఆడ పాత్రలను ఆడవాళ్లే వెయ్యాలని పట్టుబట్టి, చదువుకున్న స్త్రీలను వేదిక మీదికి తెచ్చారు. కోలాచలం వారి ‘రామరాజు చరిత్ర’లో పఠాన్ రుస్తుంగా ఆయన నటన గురించి తరాల పాటు చెప్పుకున్నారు. భయానక రసానికి ఈ మితమైన నటన ఎంత అవసరమో డ్రాక్యులా చూస్తే తెలుస్తుంది. వన్స్‌మోర్ కేకల మధ్య భయం నిలవదు. ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టుకున్న క్షణాన్ని నటుడు కదపకుండా ఉంచగలగాలి.

రాఘవ చేసిన టాకీలు మూడు: ‘ద్రౌపదీ మానసంరక్షణం’ (1936), ‘రైతుబిడ్డ’ (1939), ‘చండిక’ (1940). మొదటిదానిలో దుర్యోధనుడు. అదే ఏడాది అదే కథతో వచ్చిన ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’ పోటీలో గెలిచింది. అప్పటికే యాభై దాటిన రాఘవకు సినిమా చాలా ఆలస్యంగా దొరికింది. 1931లోనే ఆయన ముఖం మీద ఒక ఫ్రాయిండ్ వెలుగు పడి ఉంటే ఏమయ్యేదో అన్న ఊహ మనసును వదలదు.

భాషల సంగతిలో డ్రాక్యులాకు మరో ముఖం ఉంది. మాటలు వచ్చాక హాలీవుడ్‌కు విదేశీ మార్కెట్ పోతుందన్న భయం పట్టుకుంది. డబ్బింగ్ ఇంకా కుదురుకోలేదు. దాంతో ఒకే కథను రెండు మూడు భాషల్లో విడివిడిగా తీసేవారు. పగలు బ్రౌనింగ్ ఇంగ్లిష్ చిత్రం తీసిన సెట్ల మీదే, రాత్రి పూట జార్జ్ మెల్‌ఫోర్డ్ స్పానిష్ డ్రాక్యులాను తీశాడు. కార్లోస్ విల్యారియాస్, లుపీతా తోవార్ నటించారు. అది 104 నిమిషాలు, అంటే ఇంగ్లిష్‌దాని కన్నా 29 నిమిషాలు పెద్దది. కెమెరా కదలికలో, దృశ్యాలను కలపడంలో స్పానిష్ చిత్రానిదే పైచేయి. లుగోసీ లాంటివాడు లేకపోవడం ఒక్కటే దాని లోటు. మన ‘ఆలం ఆరా’ చిత్రీకరణ కూడా చాలావరకు రాత్రిపూటే సాగింది. స్టూడియో పక్కన రైలు పట్టాలుండడంతో బళ్ల చప్పుడు మైకులో పడకుండా ఆ వేళను ఎంచుకున్నారు.

కథలోకి వెళితే, ఆ పిశాచికీ మన కథలకూ మధ్య ఉన్న చుట్టరికం ముచ్చట గొలుపుతుంది. 1870లో రిచర్డ్ బర్టన్ బేతాళ కథలను ఇంగ్లిష్‌లోకి తెస్తూ బేతాళుడిని వాంపైర్ అనే పేరుతో పిలిచాడు. నిజానికి చెట్టుకు తలకిందులుగా వేలాడే మన బేతాళుడు నెత్తురు కోసం రాడు, చిక్కు ప్రశ్న వేసి జవాబు కోరతాడు. దగ్గరి పోలిక కట్టుబాట్లలో ఉంది. డ్రాక్యులా పగలు తిరగలేడు, అద్దంలో కనబడడు, సొంత గడ్డ మట్టి ఉన్న పెట్టెలో తప్ప పడుకోలేడు. నవలలోనైతే ఇంటివారు పిలవందే గడప దాటలేడు. హిరణ్యకశిపుడి వరం కూడా ఇలాంటి కట్టుబాట్ల మూటే: పగలు గానీ రాత్రి గానీ, ఇంటా బయటా, మనిషి చేత గానీ మృగం చేత గానీ చావు రాదు. అందుకే అతని కథ సంధ్యవేళ గడప మీద గోళ్లతో ముగిసింది. రెండు కథల్లోనూ భయం గడప దగ్గరే ఆగుతుంది, సూర్యుడి రాకపోకలే చావును నిర్ణయిస్తాయి. తెలుగు ఊళ్లలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అనీ, కన్నడ ఊళ్లలో ‘నాళె బా’ అనీ రాసుకున్న నమ్మకం కూడా గడప కాపలాదే.

తెలుగు టాకీలో డ్రాక్యులాకు సాటి అనదగ్గ భయంకర పాత్ర 1942లో వచ్చింది. జెమినీ వారి ‘బాలనాగమ్మ’లో గోవిందరాజుల సుబ్బారావు వేసిన మాయల మరాఠీ అది. బుర్రకథల్లో తరాలుగా నానిన ఈ మాంత్రికుడి ప్రాణం ఎక్కడో దీవిలో చిలకలో ఉంటుంది. ప్రాణం దాచిన చోటు దొరికితేనే చావు. శవపేటిక దొరికితేనే డ్రాక్యులాకు చావు వచ్చినట్టు.

గబ్బిలం మాట కూడా చెప్పుకోవాలి. సినిమాలో కిటికీ బయట ఎగిరే గబ్బిలాలు తీగకు కట్టి ఆడించిన బొమ్మలని ఇవాళ పిల్లలకు కూడా తెలిసిపోతుంది. నెత్తురు తాగే గబ్బిలాలు అమెరికా ఖండాల్లోనే ఉన్నాయి, ట్రాన్సిల్వేనియాలో లేవు. పాత గుళ్లలో, గుహల్లో ఉండే మన దేశపు పెద్ద చెవుల గబ్బిలానికి శాస్త్రజ్ఞులు ‘ఉత్తుత్తి వాంపైర్’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అది పురుగులనూ ఎలుకలనూ తిని బతుకుతుంది. ఆ పేరు దానికి అంటిన నింద. జాషువ తన ‘గబ్బిలం’ కావ్యంలో గబ్బిలాన్నే కాశీ విశ్వనాథుడి దగ్గరికి దూతగా పంపాడు.

లోపాల సంగతికి వస్తే, మొదటి ఇరవై నిమిషాల కోట దృశ్యాల తర్వాత కథ లండన్ చేరి ఇంటి హాల్లో కూలబడుతుంది. తోడేలు పచ్చిక మీద పరుగెత్తడాన్ని చూపవలసిన చోట, ఒక పాత్ర కిటికీలోంచి చూసి చెబుతుంది. వేదిక మీద తప్పనిసరి అయిన ఆ పద్ధతిని కెమెరా ఉన్నా వదలకపోవడం బ్రౌనింగ్ పొరపాటే. ఆ భాగాన్ని నిలబెట్టింది డ్రాక్యులా సేవకుడు రెన్‌ఫీల్డ్‌గా నటించిన డ్వైట్ ఫ్రై. ఓడ అడుగున, మెట్ల కింది నుంచి పైకి చూస్తూ అతను నవ్వే నవ్వు ఒక్కసారి విన్నవారు మరచిపోలేరు.

1936లో సినిమాను మళ్లీ విడుదల చేసేనాటికి హాలీవుడ్ సెన్సారు నియమావళి బిగుసుకుంది. చివర వాన్ హెల్సింగ్ తెర ముందుకొచ్చి, ఇలాంటివి నిజంగానే ఉన్నాయని ప్రేక్షకులతో చెప్పే ముక్కను కత్తిరించారు. డ్రాక్యులా మూలుగును కూడా తగ్గించారు. మూలుగును తర్వాతి ప్రతుల్లో తిరిగి చేర్చగలిగారు గానీ, ఆ చివరి ముక్క మళ్లీ సినిమాలోకి రాలేదు. 1998లో ఫిలిప్ గ్లాస్ ఈ సినిమాకు కొత్తగా సంగీతం కూర్చాడు. అది వినసొంపైన రచనే. అయినా మొదటిసారి చూసేవారు సంగీతం లేని ప్రతినే చూడడం మంచిది. స్పానిష్ చిత్రంలో పాడైపోయిన రీలు క్యూబాలోని ఒక ప్రింటులో దొరికింది. 1990ల మొదట్లో అది పూర్తి రూపంలో బయటికి వచ్చింది. అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలో ఇంగ్లిష్ డ్రాక్యులా 2000లో, స్పానిష్‌ది 2015లో చేరాయి.

‘ఆలం ఆరా’ ప్రతి ఒక్కటి కూడా మిగలలేదు. ‘భక్త ప్రహ్లాద’దీ అదే గతి. బళ్లారి నాటకంలోని నరసింహుడు తెర మీద గడప దగ్గర ఎలా కూర్చున్నాడో, హిరణ్యకశిపుడి చావును హెచ్.ఎం. రెడ్డి చూపాడో, ధ్వనితో సరిపెట్టాడో చూసి చెప్పే వీలు లేదు. ఆ సినిమా 1931 సెప్టెంబరు 15న వచ్చిందని చాలా ఏళ్లు రాశారు, వేడుకలు కూడా జరిపారు. బొంబాయి సెన్సారు వారు 1932 జనవరి 22న ఇచ్చిన ధ్రువపత్రం వివరాలనూ ఆనాటి పత్రికల ప్రకటనలనూ పాత్రికేయుడు రెంటాల జయదేవ వెతికి తీశాక అసలు తేదీ ఫిబ్రవరి 6 అని తేలింది.

(సశేషం)